గుడ్ల డబ్బులు

అమెరికా పల్లెల చరిత్ర చదువుతుంటే 'ఎగ్ మనీ' అనే మాట పదే పదే తగులుతుంది. గోధుమలు, మొక్కజొన్న, పందులు, వాటి మీద తెచ్చిన బ్యాంకు అప్పు, ఇవన్నీ మగవాడి ఖాతా. పెరట్లో కోళ్ళు మాత్రం ఆవిడవి. గుడ్లు బుట్టలో పెట్టుకుని ఊళ్ళో కొట్టుకి వెళ్ళి, వాటికి బదులు ఉప్పు, పంచదార, కాఫీ, దారపు ఉండలు తెచ్చుకునేది. మిగిలిన చిల్లర ఒక డబ్బాలో వేసుకునేది. ఆ డబ్బాకి లెక్క చెప్పక్కర్లేదు. 1920లు, 30లలో కోళ్ళ దాణా గుడ్డ సంచుల్లో వచ్చేది. ఖాళీ సంచులతో ఆడవాళ్ళు గౌన్లు కుట్టుకుంటున్నారని తెలిసి, దాణా కంపెనీలు సంచుల మీద పువ్వుల అచ్చులు వేయడం మొదలుపెట్టాయి. ఒక గౌనుకి రెండు మూడు సంచులు కావాలి, అన్నీ ఒకే అచ్చువై ఉండాలి. దాణా కొనడానికి మొగుడు వెళ్తుంటే ఏ పువ్వుల సంచి తేవాలో గుడ్డ ముక్క ఇచ్చి పంపేవారట.

మా మామ్మకి ఇంగ్లీషు ముక్క రాదు గానీ ఈ సంగతి చెబితే ఒక్క క్షణంలో అర్థమయ్యేది. భీమవరం దగ్గర మా ఊళ్ళో దానికి పేరు గుడ్ల డబ్బులు. వడ్లు అమ్మిన డబ్బు తాతయ్యది, పాల డబ్బు ఇంటిది, గుడ్ల డబ్బు మామ్మది. సైకిల్ మీద గుడ్లు కొనేవాడు వారానికోసారి వచ్చేవాడు. బియ్యం డబ్బాలో, బియ్యంలో కూరి దాచిన గుడ్లు ఒక్కొక్కటే తీసి, ఎండకి ఎత్తి, పిడికిలి గొట్టంలా చుట్టి అందులోంచి చూసి ఇచ్చేది. ఆ డబ్బు రొంటిన దోపుకున్న చిన్న గుడ్డసంచిలోకి పోయేది. మా మేనత్త పదో తరగతి పరీక్ష ఫీజు ఆ సంచిలోంచే వచ్చిందని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. తాతయ్య వద్దన్నాడట. మామ్మ వాదన పెట్టుకోలేదు. సంచి విప్పింది, అంతే.

నేను ఇప్పుడు నార్త్ కరోలినాలో, రాలీకి ముప్పావు గంట దూరంలో, ఎకరంపావు స్థలంలో ఉంటున్నాను. పగలు డేటాబేసులతో పని, పొద్దున్నా సాయంత్రం కోళ్ళతో పని. 2021లో మొదలుపెట్టాం. కోళ్ళు మేపుతున్నామంటే మన తెలుగు వాళ్ళు రెండు రకాలుగా స్పందిస్తారు. ఒకరు నాటుకోడి పులుసు ఎప్పుడని అడుగుతారు. రెండోవారు 'ఇక్కడికొచ్చి కూడా ఇదేం పనండీ' అంటారు. ఈ రెండో మాట నన్ను చరిత్ర వైపు తోసింది. ఎందుకంటే 'ఇక్కడ' అనుకుంటున్న ఈ నేల మీద కూడా మొన్నమొన్నటిదాకా పెరట్లో కోడి లేని ఇల్లు అరుదు. ఆ కోళ్ళు ఎటు పోయాయి, ఎలా పోయాయి అన్నది నాకు ఆసక్తి.

కొంచెం వెనక్కి వెళ్ళాలి. కోడి మనిషి దగ్గరికి ఎప్పుడొచ్చిందన్న ప్రశ్నకి చాలాకాలం ఎవరికి తోచిన తేదీ వాళ్ళు చెప్పారు. 2022లో వచ్చిన ఒక పరిశోధన పాత ఎముకలన్నీ మళ్ళీ లెక్కగట్టి, ఇప్పటికి దొరికిన వాటిలో నమ్మదగిన తొలి పెంపుడు కోడి ఎముకలు మధ్య థాయిలాండ్‌లోని బాన్ నోన్ వాట్‌వని, అవి క్రీ.పూ. 1650–1250 మధ్యవని తేల్చింది. మనం అనుకున్నంత పాతవి కావు. నాకు నచ్చింది వాళ్ళు చెప్పిన కారణం. అడవుల అంచున మనుషులు వరి, కొర్రల వంటివి పండించడం మొదలుపెట్టాక, రాలిన గింజల కోసం ఎర్ర అడవికోడి తనే చేల మీదికి వచ్చిందట. అంటే మనం కోడిని పట్టి తేలేదు. నూకలకి ఆశపడి అదే వచ్చింది. కళ్ళం పక్కన పెరిగిన ఎవరికైనా దీనికి వేరే రుజువు అక్కర్లేదు.

కోళ్ళన్నిటికీ ఈ ఎర్ర అడవికోడే మూలపురుషుడని డార్విన్ 1868లో రాశాడు. దాదాపు నిజమే. కానీ 2008లో స్వీడన్‌లోని ఉప్సలా శాస్త్రవేత్తలు ఒక చిన్న సవరణ చేశారు. చాలా కోళ్ళకి కాళ్ళు, చర్మం పసుపుపచ్చగా ఉంటాయి కదా, ఆ జన్యువు ఎర్ర అడవికోడిది కాదు, బూడిదరంగు అడవికోడిది. అది మన దక్షిణాది పక్షి, భారతదేశం దాటి ఎక్కడా అడవిలో కనిపించదు. కాబట్టి అమెరికన్ సూపర్‌మార్కెట్‌లో పచ్చటి తోలుతో పడుకున్న ప్రతి కోడి ఒంట్లోనూ మన అడవుల ముక్క ఒకటుంది. మన పాలనాటి యుద్ధానికి కోడిపందెం కారణమని చెప్పుకుంటాం, డేగలనీ కాకులనీ నెమళ్ళనీ పుంజుల రంగులకి శాస్త్రమే రాసుకున్నాం. సంక్రాంతికి మా ఊరి పుంజు తినే జీడిపప్పు మా ఇంట్లో పిల్లలెవరూ తినలేదు. కానీ గమనించండి, ఆ కథలన్నీ పుంజులవే, అంటే మగవాళ్ళవే. ఏడాది పొడుగునా గుడ్డు పెట్టిన పెట్ట గురించి ఎవరూ ఏమీ రాయలేదు.

అమెరికాలో పెట్టల కథ రాసినవాళ్ళున్నారు, కానీ ఆ కథ మొదలయ్యేది చాలా చీకటి చోట. మౌంట్ వెర్నన్‌లో, జార్జి వాషింగ్టన్ తోటలో, బానిసలకి బాతులు, పందులు పెంచుకోవడం నిషేధం. కోళ్ళని మాత్రం పెంచుకోనిచ్చేవారు. 1798లో అక్కడికి వచ్చిన నీమ్‌సెవిచ్ అనే పోలండు రచయిత వాళ్ళ గుడిసెల పక్కన చిన్న కూరమడినీ, పిల్లలతో తిరిగే అయిదారు పెట్టల్నీ చూసి రాసిపెట్టాడు. ఎందుకు కోళ్ళని వదిలేశారంటే, దొరల దృష్టిలో అది లెక్కకి రాని జంతువు. ఆ లెక్కకి రాకపోవడమే వాళ్ళకి దారి అయింది. మాంటిచెల్లోలో జెఫర్సన్ మనవరాలు యాన్ కేరీ రాండాల్ఫ్ 1805 నుంచి 1808 దాకా రాసిన ఇంటిఖర్చుల పుస్తకం ఉంది. దాన్నిండా తమ సొంత బానిసల దగ్గర తాము డబ్బిచ్చి కొన్న కోళ్ళు, గుడ్లు. మనిషి తన ఒంటికే తను సొంతదారు కాని చోట, కోడి మాత్రం ఆ మనిషి సొంతం.

అంతర్యుద్ధం తర్వాత వర్జీనియాలోని గోర్డన్స్‌విల్ స్టేషన్లో రైలు ఆగగానే నల్లజాతి ఆడవాళ్ళు నెత్తిన పళ్ళేలతో పరిగెత్తుకొచ్చి, వేయించిన కోడిముక్కలు కిటికీల్లోంచి అమ్మేవారు. అలా అమ్మి ఇళ్ళు కట్టుకున్నారు. సైకీ విలియమ్స్-ఫోర్సన్ ఈ చరిత్ర మీద 2006లో ఒక మంచి పుస్తకం రాసింది, దాని పేరు కూడా కోడికాళ్ళతో ఇళ్ళు కట్టడం గురించే. రాజమండ్రి స్టేషన్లో బుట్టలతో పరిగెత్తేవాళ్ళని చూసినవాళ్ళకి ఆ దృశ్యం ఊహించుకోవడం కష్టం కాదు.

ఈలోగా దొరలకి కోళ్ళ పిచ్చి పట్టింది. 1849 నవంబరులో బోస్టన్ పబ్లిక్ గార్డెన్లో తొలి కోళ్ళ ప్రదర్శన జరిగితే వేలమంది ఎగబడి చూశారు. చైనా రేవుల నుంచి ఓడల్లో వచ్చిన పెద్దపెద్ద కోళ్ళు, కాళ్ళకి కూడా ఈకలున్నవి, వాళ్ళు ముందెప్పుడూ చూడలేదు. జార్జి బర్నమ్ అనే వ్యాపారి ఈ పిచ్చిని బాగా సొమ్ము చేసుకున్నాడు. 1852లో విక్టోరియా రాణికి తొమ్మిది కోళ్ళు కానుకగా పంపించాడు, దాంతో ధరలు ఆకాశాన్నంటాయి. పిచ్చి దిగాక, 1855లో, తనే ఆ పిచ్చిని వెక్కిరిస్తూ పుస్తకం రాసి దాన్నీ అమ్ముకున్నాడు. ఆ కోళ్ళ పేరు 'బ్రహ్మ'. ఓడ ఎక్కింది షాంఘైలో, పేరు మాత్రం బ్రహ్మపుత్రా నదిది. దూరదేశపు నది పేరు పెడితే రేటు పెరుగుతుంది కదా. మా పెరట్లో అవి రెండున్నాయి. వీడియో కాల్లో మా అత్తకి చూపించి పేరు చెబితే, 'బ్రహ్మేంట్రా, గోచీ పెట్టుకున్నట్టు ఆ కాళ్ళేంటి' అంది.

మా కోడిపిల్లలు పోస్టులో వచ్చాయి. ఇది చెబితే ఇండియాలో ఎవరూ నమ్మరు. పొద్దున్న ఆరింటికి పోస్టాఫీసు నుంచి ఫోన్, 'మీ పార్సిల్ అరుస్తోంది, త్వరగా వచ్చి తీసుకెళ్ళండి' అని. చిల్లులున్న అట్టపెట్టెలో ఒక్క రోజు వయసు పిల్లలు, ఒకదాన్నొకటి ఒత్తుకుని. తిండీ నీళ్ళూ లేకుండా ఎలా బతికాయంటే, పిల్ల గుడ్డులోంచి బయటపడేముందు పచ్చసొన మిగులుని కడుపులోకి పీల్చుకుంటుంది. పొదుగులో గుడ్లన్నీ ఒకేసారి పగలవు. రెండు మూడు రోజులు పట్టొచ్చు. తల్లి అప్పటిదాకా లేవదు కాబట్టి, ముందు పుట్టినవి ఆకలికి చావకుండా ప్రకృతి కట్టిన చద్దిమూట అది. తల్లి ఓపిక కోసం పుట్టిన ఆ ఏర్పాటుని మనుషులు తల్లే అక్కర్లేకుండా చేసుకోవడానికి వాడుకున్నారు. 1918లో అమెరికా తపాలాశాఖ కోడిపిల్లల్ని పార్సిల్లో తీసుకోవడం మొదలుపెట్టింది. అంతకుముందే, 1879లో కాలిఫోర్నియాలోని పెటలూమాలో లైమన్ బైస్ పొదిగే యంత్రం తయారుచేశాడు, ఆ ఊరు తర్వాత ప్రపంచానికే గుడ్లబుట్ట అని చెప్పుకునే స్థాయికి వెళ్ళింది. యంత్రం, పోస్టు కలిసేసరికి పొదుగు పెట్ట నిరుద్యోగి అయింది. గుడ్ల వ్యాపారానికి పొదుగుకి కూర్చునే పెట్ట నష్టం, ఎందుకంటే కూర్చున్నన్నాళ్ళూ గుడ్డు పెట్టదు. అందుకని ఆ గుణాన్నే తరతరాలుగా ఏరి పారేశారు.

మా మామ్మ దగ్గర విలువైనది అదే గుణం. ఏ పెట్ట బాగా పొదుగుతుందో, ఏది నడిమధ్యలో లేచిపోతుందో ఆవిడకి తెలుసు. గంపలో ఊక పోసి, బొగ్గుతో గీత పెట్టిన గుడ్లు తొమ్మిదో పదకొండో పేర్చి, ఉరుములకి మురిగిపోకుండా ఒక ఇనుప మేకు వేసి, పెట్టని కూర్చోబెట్టేది. ఇరవై ఒక్క రోజులు. నడుమ ఒకసారి గుడ్లు ఎండకి ఎత్తి చూసి, నెత్తురు జీర లేనివి తీసేసేది. ఇక్కడ నేను టార్చిలైటుతో చేసే పనికి 'క్యాండ్లింగ్' అని పేరూ, దాని మీద వీడియోలూ ఉన్నాయి.

మొదటి ప్రపంచయుద్ధంలో మాంసం సైన్యానికి కావలసి, అమెరికా వ్యవసాయశాఖ ఇంటింటికీ కోళ్ళు పెంచమని పోస్టర్లు వేసింది. ఇంట్లో మనిషికి రెండు పెట్టలు చొప్పున ఉంటే చాలునని లెక్క కూడా చెప్పింది. కోడిని పెంచడం దేశభక్తి. అదే పని ముప్పై నలభై ఏళ్ళు తిరిగేసరికి చాలా ఊళ్ళలో చట్టవిరుద్ధం అయింది. శివారు కాలనీలు వచ్చాయి, పచ్చిక కత్తిరించుకునే మర్యాద వచ్చింది, కోడి బీదతనానికి గుర్తయింది. విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో కొందరు దొంగచాటుగా పెంచుకుంటూ, తమని తాము కోళ్ళ రహస్యోద్యమం అని పిలుచుకుని, 2004లో నాలుగు పెట్టలకి అనుమతి సాధించుకున్నారు. పుంజుకి మాత్రం లేదు. ఈ దేశంలో చాలా ఊళ్ళ నియమం ఇదే, కోడి ఉండొచ్చు, కూత ఉండకూడదు. తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న మన సామెతలోని ముసలమ్మని ఇక్కడ కాలనీ సంఘం వాళ్ళు నోటీసు ఇచ్చి కూర్చోబెట్టేవారు. మేం కాలనీలో ఇల్లు చూసుకోకపోవడానికి అదొక కారణం.

అసలు మలుపు 1923లో వచ్చింది. డెలవేర్ రాష్ట్రంలో ఓషన్ వ్యూ అనే ఊరు. సిసిల్ స్టీల్ అనే ఆవిడ గుడ్ల కోసం 50 పిల్లల్ని పంపమంటే హ్యాచరీ నుంచి పొరపాటున 500 వచ్చాయి. ఆవిడ తిప్పి పంపలేదు. చిన్న షెడ్డు వేయించి పెంచి, లేతగా ఉండగానే మాంసానికి పౌను 62 సెంట్లకి అమ్మింది. అప్పటిదాకా కోడిమాంసం అంటే గుడ్లు పెట్టడం మానేసిన ముసలి పెట్టో, ఎక్కువైన పుంజో. మాంసం కోసమే కోడిని పెంచడం అనే పరిశ్రమకి అది నాంది. 1926 కల్లా ఆవిడ దగ్గర పదివేల కోళ్ళు పట్టే షెడ్డు ఉంది, భర్త కోస్ట్‌గార్డు ఉద్యోగం మానేసి ఇందులోకి వచ్చాడు. సరిగ్గా ఆ కాలంలోనే ఎండ తగలని కోడికి కాళ్ళు ఎందుకు వంకరపోతాయో తెలిసింది. దాణాలో చేపనూనె కలిపితే డి విటమిన్ అందుతుంది, ఇక కోడిని చలికాలమంతా నాలుగు గోడల మధ్య పెట్టొచ్చు. ఎగ్ మనీతో మొదలైన ఒక ఆడమనిషి పని, మిగతా ఆడవాళ్ళందరి ఎగ్ మనీకీ చివరి అధ్యాయం అయింది. ఇందులో ఆవిడని తప్పుపట్టడానికేమీ లేదు. నాకు ఆవిడ ధైర్యం ఇష్టం కూడా.

ఆపైన కోడినే మార్చారు. 1940ల రెండో భాగంలో 'రేపటి కోడి' అని దేశవ్యాప్తంగా పోటీ పెట్టారు, ఒక పెద్ద కిరాణా గొలుసుకొట్ల కంపెనీ బహుమతి ఇచ్చింది. రొమ్ము వెడల్పుగా ఉండాలి, త్వరగా పెరగాలి, తక్కువ తినాలి. 1948 ఫైనల్లో గెలిచింది కాలిఫోర్నియాకి చెందిన చార్ల్స్ వాంట్రెస్ తయారుచేసిన సంకరజాతి. అందులో సగం కార్నిష్ కోడి. కార్నిష్‌కి ఇంగ్లండులో ఇప్పటికీ ఇంకో పేరుంది, 'ఇండియన్ గేమ్'. ఎందుకంటే అది మన అసిల్ కోళ్ళని ఓడలో తీసుకెళ్ళి కార్న్‌వాల్లో దాటించి తీసిన జాతి. అసిల్ అంటే మన పందెం కోడే. ఛాతీ ముందుకు పెట్టి నిలబడే ఆ పొగరు, ఆ కండ, పందెం బరిలో ప్రాణం నిలబెట్టుకోవడానికి మనవాళ్ళు తరాలుగా ఏరుకున్నది. అది ఇప్పుడు బ్రాయిలర్ రొమ్ము ముక్క అయింది. కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయం వారు 1957, 1978, 2005 కాలాల కోళ్ళని పక్కపక్కన, ఒకే దాణాతో పెంచి చూశారు. 56 రోజులకి మొదటిది 905 గ్రాములు, రెండోది 1808, మూడోది 4202. ఆ ఫోటో ఒక్కసారి చూడండి. మూడోది కోడిలా లేదు, సోఫా దిండులా ఉంది.

మన దగ్గర ఈ మార్పు తెచ్చినవారు తెలుగాయనే, హైదరాబాదుకి చెందిన డాక్టర్ బండా వాసుదేవరావు. 1971లో పుణెలో వెంకటేశ్వరా హ్యాచరీస్ పెట్టారు. దళారులు చెప్పిన రేటుకి గుడ్లు తెగనమ్ముకుంటున్న రైతుల్ని కూడగట్టి, తమ గుడ్డుకి ధర తామే చెప్పుకునేలా 1982లో నెక్‌ని నిలబెట్టారు. మా తణుకు చుట్టుపక్కల లేయర్ ఫారాలు, అక్కడి నుంచి బెంగాలుకీ అస్సాముకీ లారీల్లో వెళ్ళే గుడ్లు, అన్నీ ఆ చెట్టు కొమ్మలే. స్కూల్లో మధ్యాహ్నం పిల్లలకి గుడ్డు పెట్టగలుగుతున్నారంటే దాని వెనక ఈ ఫారాలున్నాయి. ఇది చిన్న విషయం కాదు, ఇలాంటి వ్యాసాల్లో ఈ మాట దాటేస్తారు కాబట్టి చెబుతున్నాను. కాకపోతే ఫారం గుడ్డు ఊళ్ళోకి ట్రేలలో వచ్చాక, గుడ్లు కొనే సైకిలతను రావడం మానేశాడు.

మామ్మ కాలం బంగారు కాలం అని నేననను. ఆవిడ పిల్లల్లో సగం గద్దలకీ పిల్లులకీ ముంగిసలకీ పోయేవి. ఎండాకాలం కొక్కెర తెగులు వచ్చిందంటే, మెడలు వాల్చి, పచ్చటి రెట్ట వేసి, వారంలో గూడు ఊడ్చేసేది. 1927లో రాణిఖేత్ అనే కొండ ఊళ్ళో కనిపెట్టారు కాబట్టి మన దేశంలో దాని పేరు రాణిఖేత్, అంతకు ముందు ఏడాది ఇంగ్లండులోని న్యూకాసిల్లో కనిపించింది కాబట్టి ప్రపంచానికి న్యూకాసిల్. మామ్మకి అది ఊరి మీదికి వచ్చిన అమ్మవారు. ఒక ఏడాది పదిహేడు కోళ్ళకి ఒక్కటి మిగిలితే, దాన్ని అమ్మలేదు, కొయ్యలేదు, చచ్చేదాకా ఉంచింది.

మావి ఆరు. రెండు రోడ్ ఐలండ్ రెడ్‌లు, రెండు చారల ప్లిమత్ రాక్‌లు, రెండు బ్రహ్మలు. గూడు నేనే కట్టాను, 2021లో కలప ధర ఎంతుందో గుర్తున్నవాళ్ళకి నా మీద జాలేస్తుంది. ఇక్కడి ప్రధాన శత్రువు రకూన్. దానికి మన చేతుల్లాంటి చేతులు, గొళ్ళెం తీయడం వచ్చు. కోళ్ళ వల అని అమ్మేది కోడిని లోపల ఉంచడానికే గానీ దాన్ని ఆపడానికి కాదు, సన్నకన్నుల ఇనుప జాలీ వేయాలి. గద్ద సంగతి వేరు. మామ్మ 'హోయ్' అని ఒక్క అరుపు అరిచి మట్టిబెడ్డ విసిరేది, ఇక్కడ గద్దని చంపితే ఫెడరల్ నేరం. మా చారలవాటిలో ఒకటి మా ఆవిడ కళ్ళముందే మధ్యాహ్నం పూట పోయింది. మిగతావి కేక వేసి పొద కిందికి దూరాయి. కోడి కేకలు అన్నీ ఒకటి కావు. ఆకాశం నుంచి వచ్చేదానికి ఒకటి, నేల మీద వచ్చేదానికి ఇంకొకటి. శాస్త్రవేత్తలు రికార్డు చేసి నిరూపించారు. మామ్మ వంటింట్లోంచే 'పిల్లి వచ్చింది, చూడండ్రా' అనేది, ఏనాడూ తప్పలేదు.

రెడ్‌లలో ఒకదానికి రెండో ఏడు గుడ్డు అడ్డంపడింది. తోక వాల్చి, పెంగ్విన్‌లా నిలబడిపోయింది. మాకు దగ్గర్లో ఉన్న పశువైద్యుడు కోళ్ళని చూడనన్నాడు. గోరువెచ్చటి నీళ్ళ తొట్టిలో ఎప్సమ్ ఉప్పు వేసి కూర్చోబెట్టాం. మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్ళు, తొట్టి పక్కనే హోంవర్కు చేసుకుంది. మూడో రోజు పొద్దున్నే పోయింది. అడవికోడి ఏడాదికి పెట్టేది పది పదిహేను గుడ్లు. మనం దాన్ని మూడొందల దాకా తెచ్చాం. ప్రతి పెంకుకీ ఎముకల్లోంచి సున్నం తోడుకోవాలి. పెటలూమా నుంచి మా పెరటిదాకా జరిగిన చరిత్రంతా ఆ చిన్న ఒంట్లోంచి వెళ్ళాల్సిందే.

ఇంజనీరుని కాబట్టి ఎక్సెల్ షీటు ఉంది. గూడు, దాణా, పొట్టు, జాలీ అన్నీ కలిపి 2025 మార్చి దాకా 1,910 డాలర్లు, గుడ్లు 3,184. డజను 7 డాలర్ల 20 సెంట్లు పడింది. నా కష్టం లెక్కలో వేయలేదు, వేస్తే కోడిగుడ్డు మీద ఈకలు పీకినట్టుంటుంది. ఆ మార్చిలో అమెరికాలో గుడ్ల సగటు ధర చరిత్రలో ఎన్నడూ లేనంతగా డజను 6 డాలర్ల 23 సెంట్లకి చేరింది. అయినా మావే ఖరీదు.

ఆ ధరకి కారణం 2022 ఫిబ్రవరిలో ఇండియానాలో ఒక ఫారంలో కనిపించి, ఇప్పటికీ వదలని హెచ్5ఎన్1. ఇక్కడ కొట్లలో గుడ్ల అరలు ఖాళీగా ఉన్న 2025 ఫిబ్రవరిలోనే, అదే వైరస్ మా జిల్లాల్లో బయటపడింది. తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు. నియమం ప్రకారం కిలోమీటరు లోపల ఉన్న కోళ్ళన్నిటినీ చంపి పూడ్చాలి, ఫారంవైనా పెరటివైనా. పది కిలోమీటర్ల దాకా అమ్మకాలు, రాకపోకల మీద ఆంక్షలు. మా అత్త ఉండేది ఆ పక్క ఊళ్ళోనే. పదకొండు కోళ్ళు ఆవిడకి. నేను ఇక్కడ రాత్రి పూట మ్యాపు మీద దూరం కొలుస్తూ కూర్చున్నాను. ఐదున్నర కిలోమీటర్లు వచ్చింది. ఆవిడ మాత్రం కోళ్ళని గంపల కింద కప్పెట్టి, బయటికి వదలకుండా నెల రోజులు లోపలే నూకలు వేసింది. మేమూ ఇక్కడ గూటి మీద టార్పాలిన్ కట్టి, అడవి బాతుల రెట్ట పడకుండా, అదే పని చేశాం. చెప్పులు వేరు పెట్టుకుని, వాటితోనే లోపలికి వెళ్ళి రావడం, చేతులు కడుక్కోవడం. ఆవిడకి చెబితే, 'చెప్పులు బయట విడవడం కొత్తగా నేర్పుతున్నావా నాకు' అంది.

ఇప్పుడు మాకు నాలుగే ఉన్నాయి. వయసైపోయింది. చలికాలం పగలు పొట్టిదైతే ఎలాగూ పెట్టవు, పధ్నాలుగు గంటల వెలుతురు కావాలి వాటికి. వేసవిలో కూడా వారానికి అన్నీ కలిపి అయిదారు. 'ఇంకా ఎందుకురా మేపుతున్నావు?' అని అత్త ప్రతిసారీ అడుగుతుంది. ఆవిడ ప్రశ్నలో కర్కశత్వం లేదు, లెక్క ఉంది. మామ్మ లెక్కలో ముసలి పెట్టకి చోటుంది, అది చుట్టాలొచ్చిన రోజున కూర. నెమ్మదిగా ఉడికే ఆ ముదురు మాంసానికి ప్రత్యేకం మసాలా కూడా ఉండేది. ఇక్కడి ఫారంలో లేయర్ కోడికి రెండేళ్ళు దాటితే చోటే లేదు. మా ఇంట్లో మా అమ్మాయి నాలుగిటికీ పేర్లు పెట్టింది, బడిలో కుటుంబం బొమ్మ వేయమంటే మమ్మల్ని ఒక పక్కన, కోళ్ళని నడుమ వేసింది. నేను మాంసం తింటాను, శనివారం దుకాణం నుంచి చికెన్ తెస్తాను. ఆ సంచి పట్టుకుని గూటి పక్కనుంచే ఇంట్లోకి వెళ్తాను. మా ఆవిడ దీని గురించి ఒకసారి అడిగింది, నాకు సమాధానం దొరకలేదు. దొరికేదాకా దాణా కొంటున్నాను.

కిందటి వారం అత్త ఫోన్ చేసింది. ఆంక్షలు ఎత్తేశాక తొమ్మిది గుడ్లు పొదుగు పెడితే ఏడు పిల్లలయ్యాయట, గద్ద ఒకదాన్ని తన్నుకుపోయిందట. నాటుగుడ్డు పదిహేను రూపాయలకి ఇంటికొచ్చి కొనుక్కుపోతున్నారట, ఫారం గుడ్డుకి భయపడి. ఆ డబ్బులేం చేస్తున్నావంటే ఫోన్ రీఛార్జికి అని చెప్పి, బ్రహ్మల్ని ఒకసారి చూపించమంది.